2026లో బట్టల విషయంలో మీ టార్గెట్లేంటి? బీరువా తెరిచి నిజం చెప్పండి

బెజవాడ_సుధ
డిసెంబర్ 14, రాత్రి 9:42

జిమ్ము, డైటు, పొదుపు అన్నిటికీ వేరే థ్రెడ్లు నడుస్తున్నాయి కాబట్టి ఇది ఒట్టి బట్టల గురించే. వచ్చే ఏడాది ఎలా కనిపించాలనుకుంటున్నారు, ఏం కొంటారు, ఏం కొనరు, ఏం వదిలించుకుంటారు, అంతే. "స్టైలు మనకెందుకులే" అనుకునేవాళ్లు కూడా రాయండి, పొద్దున్నే బీరువా ముందు నిలబడి వేసుకోడానికి ఏమీ లేదని విసుక్కునేది అందరమూ.

ముందు నాది. ప్రైవేటు కాలేజీలో పాఠాలు చెప్తాను, వారంలో ఎక్కువ రోజులు చీరే. బీరువాలో మూడు అరల నిండా చీరలున్నాయి, తిప్పి తిప్పి కట్టేవి మాత్రం ఎనిమిదో తొమ్మిదో. ఈ ఆదివారం మొత్తం మంచం మీద పోసి ఒక్కోటీ ఎందుకు కట్టట్లేదో కాగితం మీద రాసుకుంటూ పోయాను. రంగు నచ్చక పక్కన పెట్టినవి తక్కువే. సగానికి పైగా చీరలో ఏ వంకా లేదు, జాకెట్టే పట్టట్లేదు! కొన్నిటికి జాకెట్ గుడ్డ ఇంకా చీర చివరే ఉంది, కత్తిరించనే లేదు. ఆషాఢం సేల్‌లో కొన్నవాటికైతే ఫాల్ కూడా కుట్టించలేదు, షాపు కవర్లోనే ఉన్నాయి.

అందుకని నేను పెట్టుకున్న గడువు ఉగాది, అంటే మార్చి 19. అప్పటికల్లా ఉన్న ప్రతి చీరకూ నాకు పట్టే జాకెట్ ఉండాలి, లేదంటే ఆ చీర ఇంట్లోంచి వెళ్లిపోవాలి. అప్పటిదాకా కొత్త చీర కొనేది లేదు. ఆ తర్వాత ఏడాది మొత్తానికి రెండే రెండు మంచి నేత చీరలు, అవి కూడా ఎక్కడికి కట్టుకెళ్తానో ముందే అనుకుని కొనాలి. ఇక మీవి రాయండి.


షర్టు_బిట్టు
డిసెంబర్ 14, రాత్రి 10:15

మగవాళ్లకు ఇక్కడ ప్రవేశం ఉందో లేదో తెలీదు, రాసేస్తున్నా. మీకు జాకెట్లు ఎలాగో మాకు బిట్లు అలాగ. పెళ్లికి, గృహప్రవేశానికి, అత్తారింట్లో సంక్రాంతికి బొట్టు పెట్టి చేతిలో పెట్టిన ప్యాంటు షర్టు బిట్లన్నీ పెట్టెలతో సహా అటక మీదున్నాయి. కుట్టుకూలి లెక్కేస్తే దాదాపు ఆ డబ్బుకే రెడీమేడ్ షర్టు వచ్చేస్తుంది, పైగా ఆ పూటే వేసుకోవచ్చు, అందుకే ఎవరూ కుట్టించరు. అవే మళ్లీ ఇంకో ఫంక్షన్‌లో ఇంకొకరికి పెడతాం. మా ఇంట్లో ఒక బూడిద రంగు బిట్టు మా బావమరిది పెట్టగా వచ్చి, మా పెదనాన్నగారబ్బాయికి వెళ్లి, ఎన్ని చేతులు మారిందో ఏమో, తిరిగి మాకే వచ్చింది. పెట్టె మూల చిరిగిన చోటు చూసి మా ఆవిడ గుర్తుపట్టింది.

2026లో కొత్త రెడీమేడ్ షర్టులు బంద్. ఉన్న బిట్లలో కాటన్‌వి ఏరి కుట్టించుకుంటా, పాలిస్టర్‌వి ఎవరికైనా ఇచ్చేస్తా. మే నెల విశాఖ ఉక్కలో పాలిస్టర్ షర్టు వేసుకుని ఆర్టీసీ కాంప్లెక్స్ దగ్గర గాజువాక బస్సెక్కిన వాడికి తెలుస్తుంది నా బాధ. ఇంకోటి, నావన్నీ నీలం గళ్లే. ఆఫీసులో "నిన్నటి షర్టేనా" అని అడుగుతున్నారు. నిన్నటిది కాదయ్యా బాబూ, దాని తమ్ముడు. కాబట్టి నీలం కాని షర్టులు కనీసం నాలుగు ఉండాలి.

ఇది మాత్రం మా ఆవిడ చదవకూడదు: ఫంక్షన్‌కి ఇంటిల్లిపాదీ ఒకే రంగులో మ్యాచింగ్ వేసుకోవడం ఇక నావల్ల కాదు.


మినిమల్_మూర్తి
డిసెంబర్ 14, రాత్రి 10:31

అందరిదీ ఒకటే రోగం, మందూ ఒకటే. క్యాప్సూల్ వార్డ్‌రోబ్. మొత్తం ముప్పై బట్టలు, తెలుపు, నలుపు, నేవీ, ఖాకీ, ఏది దేనితో వేసినా కలిసిపోవాలి. మిగతావి తీసి ఇచ్చేయండి. నేను రెండేళ్లుగా అలాగే ఉన్నాను, పొద్దున్నే ఆలోచించే పనే లేదు. సుధ గారూ, మూడు అరల చీరలకు జాకెట్లు కుట్టించడమంటే పోయిన డబ్బు వెనకాల ఇంకా డబ్బు పంపించడమే.


కరీంనగర్_పోరి
డిసెంబర్ 14, రాత్రి 11:02

మూర్తి గారూ, మీ ముప్పై బట్టల్ల మా చిన్నమ్మ బిడ్డ పెండ్లికి ఏది ఏసుకోవాలె? హల్దీకి పసుపు, సంగీత్‌కు ఇంకోటి, పెండ్లికి పట్టు, రిసెప్షన్‌కు మళ్ల వేరే. ఈ రూలు నేను పెట్టింది కాదు, కానీ నేవీ ప్యాంటు తెల్ల షర్టుతోని పోతే క్యాటరింగ్ పిల్ల అనుకుని నన్నే నీళ్లు అడుగుతరు.

నా టార్గెట్ అయితే రిపీట్ చేయడం. మీకు చిన్న ముచ్చట అనిపిస్తది గానీ మా ఇంట్ల పెద్ద యుద్ధం. ఒక్కసారి ఫొటో స్టేటస్‌ల పడ్డదంటే ఆ చీర పని అయిపోయినట్టే. "గిది అక్క సీమంతంల కట్టినవ్ గదా" అని మా మేనత్త అడుగుతది, అమ్మకు ఇజ్జత్ పోయినట్టు అయితది, మళ్ల బజారుకు. అందుకే అమ్మతోని ముందే ఒప్పందం చేసుకున్న. నా దగ్గరున్న గద్వాల చీర 2026ల వచ్చే ప్రతి పెండ్లికి కడతా. జాకెట్ మారుస్తా, జడ మారుస్తా, చీర మార్చ. మేనత్త అడిగితే నేనే జవాబు చెప్పుకుంటా.


మినిమల్_మూర్తి
డిసెంబర్ 14, రాత్రి 11:10

ఫంక్షన్లకు అద్దెకు తీసుకోండి. ఇప్పుడు ప్రతి ఊళ్లో ఇస్తున్నారు.


కరీంనగర్_పోరి
డిసెంబర్ 14, రాత్రి 11:12

గా మాట మా అమ్మకు మీరే ఫోన్ చేసి చెప్పుర్రి.


కుట్టుమిషన్_తెనాలి
డిసెంబర్ 15, ఉదయం 6:20

నేను లేడీస్ టైలర్‌ని, ఇరవై ఏళ్ల పైమాటే ఈ పనిలో. సుధ గారి పోస్టు చూసి రాయకుండా ఉండలేకపోయాను, ఎందుకంటే మీరు చెప్పిన చీరలన్నీ నాకు ప్రతి వారం కనపడతాయి. మంచి చీర కొనడానికి పూట మొత్తం షాపులో కూర్చుంటారు, జాకెట్ ఇవ్వడానికి మాత్రం బండి దిగకుండానే "ఆదిలాగే కుట్టెయ్యమ్మా" అని సంచీ అందించి వెళ్లిపోతారు. కొలత కోసం ఇచ్చే ఆ ఆది జాకెట్ ఎప్పటిది? పెళ్లినాటిది!

మీ టార్గెట్‌లో మొదటి మెట్టు అదే పెట్టుకోండి. ఉన్న జాకెట్లు సరిచేయించడం, కొత్తవి కుట్టించడం అన్నీ తర్వాత. ముందు ఒక మామూలు కాటన్ గుడ్డ తెచ్చుకుని, ఒంటి కొలతలు ఇచ్చి, ఒక్క జాకెట్ కుట్టించుకోండి. ఇంటికెళ్లి దాన్ని వేసుకుని ఒక రోజంతా పని చేయండి. చెయ్యెత్తి సామాను అందుకోండి, బోర్డు మీద రాసినట్టు చెయ్యి ఆడించండి, వంగండి. ఎక్కడ పట్టేసిందో, ఎక్కడ జారిందో వచ్చి చెప్పండి, సరిచేస్తాం. అది కుదిరాక దానిమీద "ఆది" అని రాసిపెట్టుకుని ఇక ఎవరికిచ్చినా అదే ఇవ్వండి. ఈ ఒక్క జాకెట్‌కి ఖర్చుపెట్టడానికి మాత్రం ఎవరికీ మనసు రాదు.

ఇంకా. పక్క కుట్ల దగ్గర లోపల అంగుళం, అంగుళంన్నర గుడ్డ వదలమని నోరు తెరిచి అడగండి. మేం పక్కపక్కనే మూడు నాలుగు కుట్లు వేసి ఇస్తాం, ఒళ్లు చేస్తే ఒక్కో కుట్టు విప్పుకుంటూ పోవచ్చు, తగ్గితే మళ్లీ వేసుకోవచ్చు. మిషన్ పని తొందరలో ఉంటే లోపలి గుడ్డ కత్తిరించేస్తారు, అప్పుడిక దేవుడు కూడా ఏం చేయలేడు. లైనింగ్ గుడ్డ తడిపి, ఆరబెట్టి, ఇస్త్రీ చేశాకే కత్తిరించాలి. లేకపోతే మొదటి ఉతుకుకే లైనింగ్ ముడుచుకుపోయి పైగుడ్డ ఉబ్బెత్తుగా లేస్తుంది, ఆ జాకెట్ మీరు మళ్లీ వేసుకోరు.

ఎప్పుడివ్వాలో కూడా చెప్తా. సంక్రాంతి ముందు, శ్రావణమాసం ముందు మా దగ్గరికి రావద్దు, వచ్చినా తిట్టుకుంటూ కుడతాం. ఇప్పుడు మూఢం, ఫిబ్రవరి సగం దాకా ముహూర్తాలు లేవు కాబట్టి పండగ అయిన మర్నాటి నుంచి ఖాళీయే. మళ్లీ మే మధ్య నుంచి జూన్ మధ్య దాకా అధిక జ్యేష్ఠం వస్తోంది, అప్పుడూ ఖాళీయే. ఖాళీగా ఉన్నప్పుడు కుట్టిన జాకెట్‌కి, తెల్లారితే పెళ్లి అని కుట్టిన జాకెట్‌కి తేడా ఉంటుందా ఉండదా, మీరే చెప్పండి.


బెజవాడ_సుధ
డిసెంబర్ 15, ఉదయం 7:05

అక్కా దండం. నా పాతవాటిలో చాలావరకు చంక దగ్గర, చేతి దగ్గర పట్టేస్తున్నాయి, నడుం దగ్గర బాగానే ఉన్నాయి. అవి బాగుపడతాయా లేక ఆశ వదులుకోవాలా?


కుట్టుమిషన్_తెనాలి
డిసెంబర్ 15, ఉదయం 7:48

చెయ్యి బిగుతైతే లోపల గుడ్డ ఉంటే విప్పొచ్చు. చంక బిగుతైతే చంక కింద అదే రంగు గుడ్డ ముక్క వేస్తాం, చెయ్యి దించితే కనపడదు. భుజం తక్కువైతే మాత్రం వదిలేయండి, అది బాగుపడదు. అలాంటివాటికి మళ్లీ అదే రంగు గుడ్డ కోసం ఊరంతా తిరగకండి. నలుపు, ముదురు మెరూన్, పాత బంగారం రంగు, ఒక పెడన కలంకారీ, ఒక ఇకత్, ఈ ఐదు జాకెట్లు మీ కొత్త ఆది కొలతలతో కుట్టించుకుంటే మీ మూడు అరల్లో చాలా చీరలు లేచి బయటికొస్తాయి. మగ్గం వర్క్ ఇప్పుడు వద్దు, ఒళ్లు మారితే ఆ ఖర్చంతా దండగ.


డల్లాస్_పద్దు
డిసెంబర్ 15, ఉదయం 10:30

ఈ జాకెట్ల గోల సముద్రం దాటాక ఇంకా పెద్దదండీ. ఇక్కడ ఇళ్లల్లో కుట్టే ఆంటీలున్నారు, మంచివాళ్లే, కానీ వాళ్లడిగే డాలర్లు రూపాయల్లోకి మార్చుకుంటే చేతులు రావు. అందుకని అందరం ఇండియా వెళ్లినప్పుడు ఒకేసారి కుట్టించుకుంటాం, అక్కడున్న మూడు వారాల్లో టైలర్ చుట్టూ తిరగడంతోనే సరిపోతుంది. లేదంటే అమ్మానాన్నలు వచ్చేటప్పుడు తెస్తారు. రెండు పెట్టెలు, ఒక్కోటి 23 కిలోలు, అందులో పచ్చళ్లూ పొడులూ పోగా మిగిలిన చోటులో జాకెట్లు.

నా సమస్య వేరే. నా బట్టలు రెండు వేర్వేరు మనుషులవి. ఆఫీసుకు నల్ల ప్యాంటు, బూడిద రంగు స్వెటరు. శనివారం ఫ్రిస్కో హనుమంతుడి గుడికీ ఎవరింట్లోనో వ్రతానికీ పట్టుచీర. మధ్యలో ఏమీ లేదు. ఇంట్లో, కిరాణాకి, పిల్లల క్లాసులకి అన్నిటికీ భర్తగారి పాత టీషర్టే. వారంలో నేను ఎక్కువసేపు గడిపేది ఆ మధ్య గంటల్లోనే అని ఈమధ్య లెక్కేసుకుంటే తెలిసింది. అందుకని 2026లో డబ్బు ఆ మధ్య భాగానికే. నాలుగైదు మంగళగిరి కాటన్ కుర్తాలు, జీన్స్ మీదికి వేసుకునేలా, జేబులతో (జేబులు లేని కుర్తా ఇక కొనను, ఇది ఒట్టు). పట్టుచీరలు సున్నా. మా వీధిలో తెలుగువాళ్లం ఆరేడు ఇళ్లున్నాం, చీరలు ఒకరివొకరు కట్టుకుందామని ఒక గ్రూపు పెట్టాం. ఇక్కడా కొలతలు కుదరనివి జాకెట్లే, చీరలు ఎవరివైనా అందరికీ సరిపోతాయి.

ఆన్‌లైన్లో కుర్తాలు తెప్పించుకునేవాళ్లకి ఒక మాట. ఎం, ఎల్ అనేవి నమ్మకండి, ఒక్కో కంపెనీది ఒక్కోలా ఉంటుంది. మీకు బాగా పట్టే కుర్తాని నేలమీద పరిచి ఈ చంక నుంచి ఆ చంకకి టేపుతో కొలిచి రెట్టింపు చేసుకుని, వాళ్లిచ్చిన బట్ట కొలతతో పోల్చి చూడండి. వెనక్కి పంపే బాధ చాలావరకు తగ్గుతుంది.


కొత్తజాబ్_కొత్తబట్ట
డిసెంబర్ 15, మధ్యాహ్నం 1:15

మీ అందరికీ ఉన్నవి ఎక్కువై బాధ, నాకు లేక బాధ. జనవరిలో గచ్చిబౌలిలో ఉద్యోగంలో చేరుతున్నా. కాలేజీ బట్టలు తప్ప ఏమీ లేవు. మొదటి జీతం వచ్చేదాకా చేతిలో ఆరు వేలు. ఏం కొనాలి?

ఇంకోటి. నేను చామనఛాయ. చిన్నప్పట్నుంచీ ఇంట్లో ఒకటే మాట, నువ్వు లేత రంగులే వేసుకోవాలి, ఎరుపు వద్దు, పసుపు వద్దు, ఆరంజ్ అసలే వద్దు. షాపులో సేల్స్ వాళ్లు కూడా నా మొహం చూడగానే "మేడమ్‌కి లైట్ కలర్స్ తియ్యండి" అంటారు. ఇప్పుడు ఫోన్లో ఫొటో పెడితే మీకు ఏ రంగులు నప్పుతాయో చెప్పే యాప్‌లున్నాయి కదా, అవి నమ్మొచ్చా?


కరీంనగర్_పోరి
డిసెంబర్ 15, మధ్యాహ్నం 1:40

యాప్ ఫొటో ట్యూబ్‌లైట్ కింద తీస్తే ఒకటి చెప్తది, బయట తీస్తే ఇంకోటి చెప్తది, నేను చూసిన. పొద్దున ఎండల కిటికీ దగ్గర నిలబడి దుపట్టాలు ఒక్కోటి మెడ దగ్గర పెట్టుకుని చూస్కో, నీకే తెలుస్తది. నేను నీకన్న నలుపే ఉంటా, రాణీ రంగు వేస్తే ఆఫీసు మొత్తం అడుగుతరు ఎక్కడ కొన్నవని. లేత రంగులు వద్దని కాదు, "నీకు అవే" అంటరు చూడు, గది నమ్మకు.

ఆరు వేలల్ల ఐదు రోజులు నడవాలె అంతే గదా. మంచి ప్యాంట్లు రెండు, కుర్తాలు నాలుగు, ఒక జత చెప్పులు. కోఠి సుల్తాన్ బజార్, సికింద్రాబాద్ జనరల్ బజార్ ఒక రౌండ్ ఏస్తే అయిపోతది. చేరంగనే అన్నీ కొనకు. మీ ఆఫీసుల ఎవరేం ఏసుకుంటున్నరో, ఏసీ ఎంత చలి పెడుతదో చూసినంక మిగతావి.


పెద్దక్క_కాకినాడ
డిసెంబర్ 15, సాయంత్రం 5:50

పిల్లలందరి పోస్టులూ చదివాను. రిటైరయిన టీచర్ని, నాకు ఫ్యాషనేమిటని నవ్వుకోకండి.

షర్టు_బిట్టు బాబు చెప్పిన బిట్ల కథ ఆడవాళ్లకి వందరెట్లు. పెట్టుబడి చీరలు. పెట్టేవాళ్లకి అది కట్టుకునే చీర కాదని తెలుసు, తీసుకునేవాళ్లకీ తెలుసు. షాపుల్లో "పెట్టుబడికా, కట్టుకోడానికా" అని అడిగి మరీ వేరే కట్ట తీసి చూపిస్తారు. నాకు రిటైర్మెంటుకి వచ్చినవి, అంతకుముందు వచ్చినవి కలిపి రెండు ట్రంకు పెట్టెలు. ఈ ఏడాది మా వాళ్లందరికీ చెప్పేశాను, నాకు చీర పెట్టొద్దు, తాంబూలంలో పండు పెట్టి ఆశీర్వాదం తీసుకోండి చాలు అని. ఇద్దరు ముగ్గురు మొహం చిన్నబుచ్చుకున్నారు, సర్దుకుంటారు. ట్రంకు పెట్టెల్లోవి విప్పి చూసి, బాగున్నవి పనిపిల్లలకీ చుట్టుపక్కల అడిగినవాళ్లకీ ఇచ్చాను. సింథటిక్‌వి దిళ్ల గలీబులకి కూడా పనికిరావు, అవి మాత్రం అలాగే ఉన్నాయి.

ఇక నా సొంత టార్గెట్. మా వారు పోయి ఐదేళ్లయింది. అప్పట్నుంచీ నాకు వచ్చే చీరలన్నీ బూడిద రంగు, గంధం రంగు, చెక్క రంగు. ఎవరూ నోటితో ఏమీ అనలేదు, అవే పెడుతూ వచ్చారు, నేనూ అవే కడుతూ వచ్చాను. కొత్త సంవత్సరంలో ఉప్పాడ వెళ్లి చిలకపచ్చ జాందానీ చీర నేనే ఏరి తెచ్చుకుంటాను. మా కోడలు తోడొస్తానంది.

పట్టుచీరలు ఉన్నవాళ్లు ఏడాదికి రెండు మూడు సార్లయినా తీసి మడత మార్చండి. ఒకే మడత మీద ఏళ్ల తరబడి ఉంటే ఆ గీత వెంటే చిరుగుతాయి. ప్లాస్టిక్ కవర్లలో పెట్టకండి, పాత పంచె గుడ్డలో చుట్టండి. కలరా ఉండలు జరీకి తగలకుండా చూసుకోండి, జరీ నల్లబడుతుంది.


చిటికి_దారం
డిసెంబర్ 15, రాత్రి 9:20

కొనను, కొనను అని ఇంతమంది రాస్తుంటే కొంచెం భయమేసింది, అందుకే రాస్తున్నా. మాది యాదాద్రి జిల్లా పుట్టపాక దగ్గర ఊరు, మా ఇంట్లో ఇప్పటికీ మగ్గం ఉంది. నేను హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేర్, అన్నయ్య మగ్గం మీద.

ఇకత్ చీర ధర చూసి "ఇంతా!" అంటారు కదా, అందులో ఏముందో చెప్తా. నేయడం చివరి పని. ముందు దారాన్ని ఆసు పోయాలి, అంటే మేకుల చుట్టూ అటూ ఇటూ తిప్పి చుట్టాలి, ఒక్క చీరకు చెయ్యి వేలసార్లు అటూ ఇటూ పోతుంది. మా ఊళ్లల్లో ఆడవాళ్ల భుజాలు అందుకే పోయేవి. మా జిల్లాలోనే శారాజీపేట చింతకింది మల్లేశం గారు వాళ్లమ్మ బాధ చూడలేక లక్ష్మీ ఆసు యంత్రం తయారుచేశారు, 2017లో పద్మశ్రీ వచ్చింది ఆయనకు. ఆసు అయ్యాక డిజైన్ ప్రకారం దారం మీద చిటికి కట్టాలి, అంటే రంగు ఎక్కకూడని చోట గట్టిగా చుట్టాలి. ఒక రంగులో ముంచాలి, ఆరాక విప్పి ఇంకోచోట కట్టాలి, మళ్లీ ముంచాలి. డిజైన్ అంతా దారం మీదే తయారై ఉంటుంది. డబుల్ ఇకత్ అయితే పడుగుకీ (నిలువు దారాలు) పేకకీ (అడ్డ దారాలు) రెండిటికీ ఇదే పని, మగ్గం మీద ఆ రెండూ ఒకచోట కలవాలి. అందుకే పువ్వు అంచులు కొంచెం అలికినట్టుంటాయి. అది లోపం కాదు, మగ్గానిదే అని చెప్పే గుర్తు.

కొన్ని రకాల చీరలు చేతిమగ్గం మీదే నేయాలని 1985లో చట్టం చేశారు. పోచంపల్లి ఇకత్‌కు జీఐ, అంటే ఫలానా ప్రాంతం సరుకు అనే గుర్తింపు, వచ్చి ఇరవై ఏళ్లయింది, మా పుట్టపాక తేలియా రుమాలు నేతకు 2020లో వచ్చింది. అయినా ప్రింటు వేసిన ఇకత్ డిజైన్ మూడొందలకు దొరుకుతుంది, దాన్ని కూడా "పోచంపల్లి" అనే అమ్ముతారు. తిరగేసి చూడండి. అసలుదైతే రెండు వైపులా రంగు ఒక్కలాగే ఉంటుంది, ప్రింటుది వెనక వెలిసిపోయినట్టుంటుంది. పట్టు అని చెప్తే అసలు పట్టేనని చూపే సిల్క్ మార్క్ ట్యాగు అడగండి. అనుమానంగా ఉంటే కొంగు కుచ్చుల్లోంచి ఒక్క పోగు తీసి వెలిగించండి, పట్టయితే వెంట్రుక కాలిన వాసన వచ్చి బూడిద పొడిపొడిగా రాలుతుంది, పాలిస్టర్ అయితే కరిగి గట్టి ఉండ కడుతుంది.

తక్కువ కొనండి, నేను కాదనను. మూడొందల ప్రింటు చీరలు పది కొనే బదులు ఒక్కటి మగ్గం మీదిది కొనండి. మా అన్నకి కావాల్సింది కూడా అదే.


మినిమల్_మూర్తి
డిసెంబర్ 15, రాత్రి 9:55

మీ కష్టం అర్థమైంది బ్రదర్. కానీ లెక్క చూడండి. పన్నెండు వేల చీర ఏడాదికి రెండుసార్లు కడితే ఆ ఏడాది ఒక్కోసారికి ఆరు వేలు పడింది. తొమ్మిదొందల కాటన్ కుర్తా అరవైసార్లు వేస్తే ఒక్కోసారికి పదిహేను. స్టైల్ అనేది రోజూ వేసుకునేదాంట్లోనే ఉండాలి, బీరువాలో దాచేదాంట్లో కాదు.


చిటికి_దారం
డిసెంబర్ 15, రాత్రి 10:20

లెక్క మీరే సగంలో ఆపేశారు. పన్నెండు వేల చీర ఏడాదికి రెండుసార్లే ఎందుకు కడుతున్నారు? పైన టైలరక్క చెప్పింది కదా, జాకెట్ లేక. అదీ కాక చేనేత అంటే పన్నెండు వేలే కాదు. ఇకత్ కాటన్ కుర్తా గుడ్డ మీటర్ల లెక్కన దొరుకుతుంది, పొందూరు ఖద్దరు షర్టు గుడ్డ దొరుకుతుంది, మంగళగిరిది సరేసరి. మీ ముప్పై బట్టల్లో నేవీ ఉందన్నారు, అందులో షర్టు నేవీ రంగు మంగళగిరిది అయితే మీ రూలుకి ఏం అడ్డం?


మినిమల్_మూర్తి
డిసెంబర్ 15, రాత్రి 10:34

ఏం అడ్డం లేదు. కాలర్ నిలబడుతుందా?


చిటికి_దారం
డిసెంబర్ 15, రాత్రి 10:36

లోపల క్యాన్వాస్ వేయించండి, నిలబడుతుంది. గంజి పెడితే ఇంకా బాగా.


కొత్తజాబ్_కొత్తబట్ట
డిసెంబర్ 16, ఉదయం 8:10

అందరికీ థ్యాంక్స్. నిన్న సాయంత్రం కిటికీ దగ్గర అమ్మ చీరలన్నీ మెడ మీద వేసుకుని చూశా. ఆవపువ్వు పసుపు బాగుంది! అమ్మ ఒప్పుకోలేదు కానీ నాన్న బాగుందన్నారు. రెండు ఓట్లు పడ్డాయి కాబట్టి మొదటి కుర్తా అదే రంగు.


బెజవాడ_సుధ
డిసెంబర్ 16, రాత్రి 9:15

మీ అందరి మాటా విని నా టార్గెట్ కొంచెం మార్చుకున్నాను. ప్రతి చీరకూ జాకెట్ అనేది తీసేశాను. సంక్రాంతి అయిన వారంలో కొత్త ఆది జాకెట్, అది కుదిరాక టైలరక్క చెప్పిన ఐదు. పెడన గుడ్డ, ఇకత్ గుడ్డ ఇక్కడే దొరుకుతాయి, మిగతావి వస్త్రలత మార్కెట్లో చూస్తాను. ఉగాదికి ఆ ఐదిట్లో దేనితోనూ కలవని చీర ఉంటే అది పోతుంది. పట్టుచీరల విషయం మాత్రం అంత తొందరగా తేల్చలేను, అందులో రెండు అమ్మవి. వాటికి అమ్మ జాకెట్లే ఉన్నాయి, నాకు ఒక చెయ్యి కూడా పట్టదు. కానీ ఇచ్చేయను, దాని గురించి ఎవరూ లెక్కలు చెప్పొద్దు.

ఏడాదికి రెండు చీరల్లో ఒకటి ఉగాది తర్వాత పుట్టపాక వెళ్లి తెచ్చుకుంటాను. చిటికి_దారం గారూ, మగ్గాలవాళ్ల దగ్గరే నేరుగా కొనొచ్చా, లేక చేనేత సొసైటీలోనా?


చిటికి_దారం
డిసెంబర్ 16, రాత్రి 9:40

రెండు చోట్లా కొనొచ్చండీ. ఆదివారం మాత్రం రాకండి, సగం మగ్గాలు ఆగి ఉంటాయి, వేరే రోజు వస్తే నేసేది చూడొచ్చు కూడా. మగ్గం మీద ఉన్నదే నచ్చితే కొన్నాళ్లు ఆగాల్సొస్తుంది, దిగాక తీసుకెళ్లొచ్చు. బేరం ఆడండి, పర్లేదు, కానీ ప్రింటు చీర ధర చెప్పి మాత్రం ఆడకండి.


షర్టు_బిట్టు
డిసెంబర్ 16, రాత్రి 10:05

అటక మీంచి బిట్లు దింపా. మా ఆవిడ ఈ థ్రెడ్ చదివేసింది, మ్యాచింగ్ సంగతి ఇంట్లో చర్చలో ఉంది, ఫలితం వచ్చాక చెప్తా. ఈలోగా టైలరక్కా, మీరు లేడీస్ టైలరే గానీ ఇది మీకు తెలిసే ఉంటుంది. కాటన్ బిట్లు రెండు రకాలున్నాయి, ఒకటి వెడల్పుగా ఉంది, ఒకటి సన్నగా ఉంది. నాకు ఫుల్ హ్యాండ్స్ వస్తుందా? కొంచెం బొజ్జ ఉంది.


కుట్టుమిషన్_తెనాలి
డిసెంబర్ 17, ఉదయం 6:10

పన్నా, అంటే గుడ్డ వెడల్పు, కొలవండి ముందు. 58 అంగుళాల పన్నా అయితే మీటరు అరవై సెంటీమీటర్లు ఉంటే ఫుల్ హ్యాండ్స్ వస్తుంది. 36 పన్నా అయితే రెండుంపావు నుంచి రెండున్నర మీటర్లు కావాలి, బొజ్జ ఉందన్నారు కాబట్టి రెండున్నరే చూసుకోండి. చాలకపోతే హాఫ్ హ్యాండ్స్ కుట్టించుకోండి, మీ విశాఖకి అదే మంచిది. కాటన్ గుడ్డ కాబట్టి తడిపి ఆరబెట్టి ఇవ్వండి, మర్చిపోకండి.

మీ ఆవిడకి పట్టే జాకెట్ ఉందో లేదో కూడా ఒకసారి కనుక్కోండి.